రంగం రేవు నుంచి జౌగడ రాయి దాకా: మన గంజాం మనం చూశామా?

ఈసారి కాస్త పెద్దదే రాస్తున్నాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకోండి.

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో ఈ ఏడాది యాత్ర ఎక్కడికన్న చర్చ వచ్చింది. మన కుర్రాళ్లు ఫోన్లు తీసి జాబితా చదివారు: ఎక్కువమంది వెళ్లని, సంస్కృతి దండిగా ఉన్న దేశాలట. లావోస్, జార్జియా, ఉజ్బెకిస్తాన్, బర్మాలో పగాన్ గుళ్లు. ఖర్చెంత, వీసా ఎలా అని మాట్లాడుకుంటుంటే మూల కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన, "బర్మా అంటున్నారా? మా నాన్న రంగంలోనే పుట్టాడర్రా" అన్నారు. "రంగం అంటే ఏంటి తాతగారూ, నాటకరంగమా?" అని ఒక పిల్ల అడిగింది. నవ్వులాటకు అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఆ గదిలో నలభై ఏళ్ల లోపు వాళ్లెవరికీ తెలియదు, మన ముత్తాతలు రంగూన్‌ని రంగం అనేవారని.

ఆ రాత్రి మాలో నలుగురం చాలాసేపు ఫోన్లో మాట్లాడుకున్నాం. పగాన్ చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న రంగం రేవు తెలియకపోతే ఎలా? ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

గోపాల్‌పూర్ మనందరికీ తెలుసు. ఆదివారం సాయంత్రం వెళ్తాం, పిల్లల్ని నీళ్లలో ఆడిస్తాం, చేపలు తింటాం, లైట్‌హౌస్ దగ్గర ఫోటో దిగి వచ్చేస్తాం. ఒడ్డున ఇసుకలో కూరుకుపోయి, పెచ్చులూడిన పాత ఇటుక గోడల్ని మాత్రం పట్టించుకోం. అవి గిడ్డంగులు. ఒకప్పుడు ఈ తీరంలో పెద్ద వర్తకం నడిచిన రేవు ఇది. రేవంటే ఇప్పటిలా జెట్టీలు, క్రేన్లు కాదు. స్టీమరు దూరంగా సముద్రంలో లంగరేసి నిలబడేది. ఒడ్డు నుంచి దాని దాకా మనుషుల్ని, మూటల్ని మసూలా పడవల్లో చేరవేసేవారు. మేకులు కొట్టకుండా, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టి చేసిన పడవలవి. అలల దెబ్బకి మేకు ఊడొచ్చు, కుట్టు మాత్రం వంగి నిలబడుతుంది. వాటిని నడిపింది మన వాడబలిజలే. ఒడియావాళ్లు నోలియాలనే ఆ కుటుంబాలు ఇప్పటికీ ఈ తీరం పొడుగునా, పూరీలోని పెంటకోట దాకా, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మన సంఘం సభ్యత్వ పుస్తకంలో వాళ్ల పేర్లు ఎన్నున్నాయో చూసుకుంటే మనకే సిగ్గేస్తుంది.

ఆ పడవలెక్కి వెళ్లింది ఎవరు? భూమి లేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, పంట పోయినవాళ్లు. ఊళ్లలోకి మేస్త్రీ వచ్చి ఇంటికి కొంత సొమ్ము ముందే ఇచ్చేవాడు. ఆ సొమ్ము తీరేదాకా కూలీ అతని చేతిలో. రంగంలో బియ్యం మిల్లులు, రేవు కళాసీ పనులు, రిక్షాలు, పాకీ పనులు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లు అక్కడ ఎంతమంది ఉండేవారంటే, తెలుగువాళ్లందరికీ కలిపి అక్కడ ‘కోరంగీ’లన్న పేరు పడింది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే అది. గోపాల్‌పూర్ నుంచి ఎక్కినవాడూ కోరంగీయే, కళింగపట్నం నుంచి ఎక్కినవాడూ కోరంగీయే.

ఈ దారి బ్రిటిషువాళ్లతో మొదలైందనుకోకండి. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలమీ రాసిన భూగోళ గ్రంథంలో ‘పలూర’ అన్న ఊరుంది. తూర్పున బంగారు భూమికి పోయే ఓడలు తీరాన్ని వదిలి నడిసంద్రంలోకి తిరిగే చోటు ఆ దగ్గర్లోనే అని ఆయన గుర్తు పెట్టాడు. చిలికా దక్షిణపు కొసన, గంజాం ఊరికి దగ్గరున్న మన పాలూరే ఆ పలూర అని చాలామంది పండితుల మాట. మలయా, జావా వైపు దక్షిణాది భారతీయుల్ని ‘క్లింగ్’ అనే పిలుపు కూడా కళింగ నుంచే వచ్చిందంటారు. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మన ఒడియా ఇరుగుపొరుగు చెరువుల్లో, ఏటిలో అరటిదొప్ప పడవలు వదులుతారు కదా, మనమూ పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాం కదా, ఆ బోయిత బందాణ ఈ ఓడల జ్ఞాపకమే. బాలి వెళ్లాలని సరదా పడేవాళ్లు తప్పకుండా వెళ్లండి, మేము వద్దనడం లేదు. పాలూరు కొండ మీంచి చిలికాని ఒకసారి చూసి వెళ్లండి.

మళ్లీ రంగం దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో చెప్పుకునే కథల్లో రంగం అంటే టేకు మంచం, ట్రంకుపెట్టె, లక్కపూత డబ్బా, మనియార్డర్. చెప్పుకోనిది వేరే ఉంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కళాసీలు కూలి పెంచమని పని ఆపారు. కంట్రాక్టర్లు వాళ్ల బదులు బర్మా కూలీల్ని దింపారు. బేరం కుదిరాక మనవాళ్లని మళ్లీ పిలిచి, బర్మావాళ్లని పొమ్మన్నారు. ఆ రోజు రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. ఇద్దరు పేదవాళ్లని ఒకే పని కోసం పోటీకి పెట్టి, లాభం తీసుకున్నవాడు పక్కకి తప్పుకోవడం అన్నమాట. ఈ రోజు మన గంజాం కుర్రాళ్లు సూరత్ మరమగ్గాల్లో పన్నెండేసి గంటలు నిలబడుతున్నారు. వాళ్ల గురించి చదివినప్పుడల్లా మాకు ఆ 1930 గుర్తొస్తుంది.

తర్వాత 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మార్చికల్లా ఊరు వాళ్ల చేతికి పోయింది. ఓడ దొరికినవాళ్లు ఓడల్లో వచ్చారు. దొరకనివాళ్లు నడిచారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, తమూ దాటి మణిపూర్‌లోకి కొందరు. లక్షలమంది నడిచిన ఆ దారిలో వేలమంది రోగాలతో, ఆకలితో పోయారు. మన పెద్దాయన నాన్నగారు అప్పటికి పన్నెండేళ్ల పిల్లాడు. తల్లి చెయ్యి పట్టుకుని నడిచాడట. చెల్లెలు రాలేదు. "రాలేదు" అన్నంత వరకే ఆయన ఎప్పుడూ చెప్పేవారట. అంతకుమించి అడిగితే లేచి వెళ్లిపోయేవారట. యుద్ధం తర్వాత మళ్లీ వెళ్లినవాళ్లని 1962లో వచ్చిన సైనిక ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు జాతీయం చేసి పంపించేసింది. విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అని సిటీ బస్సు ఆగే చోటు పేరు అలా వచ్చింది. అయినా అందరూ రాలేదు. మోల్మేన్ వైపు పల్లెల్లో ఈనాటికీ తెలుగు కుటుంబాలున్నాయి. అమ్మవారి పండగలు చేసుకుంటారు, పిల్లలకి అక్షరాలు నేర్పే ప్రయత్నం చేస్తున్నారు. రాష్ట్రం పక్కనే ఉన్న మనం చేస్తున్న ప్రయత్నం కంటే ఎక్కువేనేమో.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, గంజాం మద్రాసు నుంచి విడిపోయి అందులో కలిశాయి. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఇండియా నుంచి విడిపోయింది. అంటే బరంపురంలో ఉన్న ఒక తెలుగు కుటుంబానికి పన్నెండు నెలల్లో చదువుకి వెళ్లే మద్రాసు వేరే రాష్ట్రమైంది, కూలికి వెళ్లే రంగం వేరే దేశమైంది. వాళ్లు ఇల్లు కదల్లేదు. వీధి కదల్లేదు. చుట్టూ గీతలు కదిలాయి. మనల్ని ఎవరైనా "మీరెప్పుడొచ్చారు ఇక్కడికి?" అని అడిగినప్పుడు ఈ రెండు తేదీలు చెప్పండి.

కానీ ఆ గీత అన్యాయంగా గీశారని మాత్రమే మన ఇళ్లలో చెప్పుకోవడం పూర్తి నిజం కాదు. మద్రాసు హయాంలో ఇక్కడి కచేరీల్లో, కోర్టుల్లో, బడుల్లో తెలుగుదే పైచేయి. సొంత జిల్లాలో దరఖాస్తు పెట్టుకోడానికి ఒడియా రైతు తెలుగు గుమాస్తాని బతిమాలాల్సి వచ్చేది. ఆ కడుపుమంటలోంచే గంజాంలో ఒడియావాళ్ల సంఘాలు పుట్టాయి, 1903లో ఉత్కళ సమ్మేళనం మొదలైంది. ఫిలిప్, డఫ్ విచారణ 1924లో, ఓడొన్నెల్ సరిహద్దు సంఘం 1931-32లో వచ్చాయి. రెండువైపులా అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఎటు గీసినా ఎవరో ఒకరు అవతల మిగలాల్సిన జిల్లా ఇది. మనం మిగిలాం. అటు ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియావాళ్లు మిగిలారు. ఇదివరకు వాళ్ల భాషకి జరిగింది మన భాషకి జరుగుతుంటే మనకి నొప్పి తెలుస్తోంది. ఈ మాట మన సంఘంలో కొందరికి నచ్చదని మాకు తెలుసు. అయినా రాస్తున్నాం.

ఆ గీత ఖరీదు కట్టినవాళ్లలో అందరికంటే పెద్దవారు గిడుగు రామమూర్తి గారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టారుగా చేరి, ఆ ఊళ్లోనే ముసలివారయ్యారు. పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల కోసం వాచకాలు, నిఘంటువు, వ్యాకరణం రాశారు. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని దశాబ్దాలు పోట్లాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగానే, డెబ్బయ్యేళ్లు దాటిన వయసులో, ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న మన హాల్లో ఆయన ఫోటోకి దండ వేస్తాం. ఆయన తిరిగిన ఊరు మనకి వంద కిలోమీటర్లు పైచిలుకు. ఎంతమందిమి వెళ్లాం? చిజమ్ గీసిన రాజావారి కోట అక్కడుంది. నౌపడా నుంచి రాజావారు సొంత డబ్బుతో వేయించిన చిన్న రైలుదారి, 1900లో మొదలైనది, ఇప్పుడు పెద్ద లైనుగా నడుస్తోంది. అది ఎక్కి వెళ్లడమే ఒక యాత్ర.

ఆయన శిష్యుడు తాపీ ధర్మారావు గారు 1887లో పుట్టింది మన బరంపురంలోనే. ‘మాలపిల్ల’ సినిమాకి జనం మాటల్లో సంభాషణలు రాసిన చెయ్యి ఈ ఊరి పిల్లాడిదే. ఇక వి.వి. గిరి గారు 1894లో ఇక్కడే పుట్టి, 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, ఐరిష్ తిరుగుబాటుదారులతో సావాసం చేశారని 1916లో అక్కడినుంచి పంపించేస్తే తిరిగొచ్చి, రైల్వే కార్మికుల నాయకుడయ్యారు. రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. అందరూ లండన్ వెళ్తుంటే డబ్లిన్ వెళ్లిన బరంపురం కుర్రాడు! ఎవరూ వెళ్లని చోట్లకి వెళ్లడం మనకి కొత్తేం కాదు.

ఇంత మాట్లాడుకున్నాక ఊరుకోలేక పోయిన ఆదివారం పదకొండుమందిమి రెండు కార్లలో జౌగడ వెళ్లాం. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున. బరంపురం నుంచి గంట ప్రయాణం. దారిలో తరతరిణి కొండ కనిపిస్తుంది. చైత్ర మంగళవారాల్లో మన ఆడవాళ్లు ఎన్నోసార్లు వెళ్లిన దారే. అక్కడినుంచి కూతవేటులో ఉన్న జౌగడకి మా పదకొండుమందిలో తొమ్మిదిమంది అదే మొదటిసారి వెళ్లడం.

జౌ అంటే లక్క. లక్క కోట. మహాభారతంలో లక్క ఇల్లు ఇదేనని ఊళ్లో చెబుతారు. చుట్టూ చదరంగా మట్టికోట గోడ, గడ్డి మొలిచి గట్టులా మిగిలింది. మధ్యలో గుండు లాంటి కొండరాయి. దానికి ఇనుప కటకటాలు. రాయి మీద బ్రాహ్మీ లిపిలో అశోకుడి శాసనాలు. క్రీ.పూ. 3వ శతాబ్దం. పక్కనే ఆవులు మేస్తున్నాయి. మేము తప్ప ఇంకెవరూ లేరు. ఇదే ఏ ఇటలీలోనో ఉంటే టికెట్ కోసం మూడు గంటలు క్యూలో నిలబడేవాళ్లం, తర్వాత ఆ ఫోటో గ్రూపులో పెట్టేవాళ్లం.

1850లో ఈ శాసనాలకి నకలు తీయించింది వాల్టర్ ఇలియట్. అంతకు అయిదేళ్ల ముందు అమరావతి స్తూపం శిల్పాలు తవ్వించి మద్రాసు పంపిన దొర ఆయనే. బ్రాహ్మీని ప్రిన్సెప్ చదవగలిగింది 1837లో. అంటే అంతకు ముందు వందల ఏళ్లు ఈ రాయి ఊరి మధ్యలో ఉండి కూడా ఒక్కరికీ అర్థం కాకుండా ఉండిపోయింది.

మాలో ఒక మేడమ్ చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆవిడ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాం. అశోకుడి పద్నాలుగు శాసనాల్లో 11, 12, 13 ఇక్కడ లేవు. ధౌలిలోనూ లేవు. పదమూడోది కళింగ యుద్ధం గురించి: లక్షమంది చచ్చారు, లక్షన్నరమందిని చెరపట్టుకుపోయారు, నాకు పశ్చాత్తాపం కలిగింది అని రాజు చెప్పుకున్నది. పాకిస్తాన్‌లో షాబాజ్‌గఢీ దగ్గర అది ఉంది. దెబ్బ తిన్న ఈ నేల మీద మాత్రం చెక్కించలేదు. పుండు మీద కారం ఎందుకనుకున్నారో, ఓడినవాళ్ల ముందు రాజు తన తప్పు ఒప్పుకోకూడదనుకున్నారో. వాటి బదులు ఇక్కడ రెండు వేరే శాసనాలున్నాయి. సమాపా అన్న ఊరి అధికారులకి రాసినవి. ప్రజలంతా నా బిడ్డలు, కారణం లేకుండా ఎవర్నీ జైల్లో పెట్టొద్దు, హింసించొద్దు, కోపం, బద్ధకం, తొందర మానండి అని ఒకటి. లొంగని సరిహద్దు జనం నన్ను చూసి భయపడక్కర్లేదు అని ఇంకొకటి. తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమినాడు, వీటిని జనానికి చదివి వినిపించాలనీ, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే చదవాలనీ అందులోనే రాసి ఉంది.

మేడమ్ కటకటాల పక్కన నిలబడి ఆ రెండింటి భావం తెలుగులో చదివారు. పక్క పొలంలోంచి ఒక రైతు వచ్చి, ఒడియాలో కూడా చెప్పమని అడిగాడు. చెప్పారు. "ఇంతకాలం ఇందులో నిధి ఎక్కడుందో రాసుందనుకున్నాం" అన్నాడాయన నవ్వుతూ.

తిరిగొస్తూ గంజాం ఊరి దగ్గర పోతగడ చూశాం. 1768లో కంపెనీ మొదటి రెసిడెంటు ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన కోట. నక్షత్రం ఆకారం అంటారు గానీ ఇప్పుడు ముళ్లపొదల్లో ఆ ఆకారం ఊహించుకోవాలి. జిల్లాకి పేరిచ్చిన ఊరే 1815 ప్రాంతంలో వచ్చిన జ్వరాలకి ఖాళీ అయిపోయి, కచేరీలు తరలిపోయి, ఇవాళ హైవే మీద బస్సు ఆగీ ఆగనట్టు ఆగే చిన్న ఊరైంది. అక్కడికి దగ్గర్లోనే ఋషికుల్య సముద్రంలో కలిసే చోట లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. వాటి కోసం నవంబరు నుంచి మే దాకా వేట మీద నిషేధం ఉంటుంది. తాబేళ్ల ఫోటోలు అందరూ పెడతారు. ఆ ఏడు నెలలు పక్క పాలెంలో మనవాళ్లు ఏం తిని బతుకుతున్నారో అడిగేవాళ్లు తక్కువ.

ఇంకా చాలా ఉన్నాయి, క్లుప్తంగా చెప్పేస్తాం. బుగుడాలో బిరంచి నారాయణ గుడి, గోడల మీద రామాయణ చిత్రాలతో. మహేంద్రగిరి మీద పాండవుల పేర్లతో రాతిగుళ్లు, రాజేంద్ర చోళుడి విజయ శాసనం. జిరంగ్ దగ్గర టిబెట్ శరణార్థుల చంద్రగిరి, అక్కడ 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధాలయం. లావోస్ వెళ్లాలన్నవాళ్లు ముందు అక్కడ మొమోలు తిని రండి. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుతో ఉన్న ప్రహ్లాద నాటకం మన జిల్లాలో ఇప్పటికీ తెల్లవార్లూ ఆడతారు. మాటలు ఒడియా, పాట పోకడలో కర్ణాటక సంగీతం.

ఊళ్లోనే ఉన్న ఒక్కదాని గురించి మాత్రం ఆగి చెప్పాలి. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర. ఊళ్లో చాలామంది అది ఒడియా పండగని, కొందరు తెలుగు పండగని వాదించుకుంటారు. అమ్మవారు దేశిబెహరా ఇంటి ఆడపడుచు, అత్తారింటి నుంచి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆ దేశిబెహరా డెరా నేతగాళ్ల పెద్ద. పట్టు నేయడానికి మహురి రాజులు వాళ్లని గోదావరి వైపు నుంచి రప్పించారని చెబుతారు. ఇవాళ ఊరంతా మొక్కుకుని వేషాలు కడుతుంది. అమ్మవారిని పుట్టింటికి తెచ్చిన ఇంటివాళ్ల మగ్గాలే తగ్గిపోతున్నాయి. బరంపురం పట్టుకి జిఐ గుర్తింపు వచ్చింది, కుంభాల అంచు చీర అందరికీ తెలుసు. నేతవీధిలో మగ్గం చప్పుడు వినాలంటే మాత్రం ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్లాలి. మన పెళ్లిళ్లకి కంచి నుంచి చీరలు తెచ్చుకుంటున్నాం. ఈ ముక్క రాస్తూ మాలో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

విదేశీ యాత్ర విషయం కార్యవర్గం తేలుస్తుంది. దానికి ముందు మేము అడిగేది రెండు పనులు. పుష్యమి నక్షత్రం కలిసివచ్చే ఆదివారం చూసి జౌగడకి బస్సు పెడుతున్నాం. పొద్దున్నే ఆరింటికి పాత బస్టాండు దగ్గర. ఇడ్లీ పొట్లాలు మేమే తెస్తాం. మీ పిల్లల్ని, పక్కింటి ఒడియా పిల్లల్ని కూడా తీసుకురండి. రెండు భాషల్లోనూ చదువుతాం.

రెండోది, మీ ఇళ్లలో రంగం నుంచి వచ్చినవి ఏమున్నా, ఉత్తరం, ఫోటో, మనియార్డరు రసీదు, ట్రంకుపెట్టె మూత మీద పేరు, ఏదైనా సరే, ఆ రోజు పట్టుకురండి. ఫోటో తీసి అక్కడికక్కడే మీకిచ్చేస్తాం. వస్తువు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, చెప్పినంత ఫోన్లో రికార్డు చేయండి. మన పెద్దాయన ఇప్పటికే ఒప్పుకున్నారు. వాళ్ల మేనత్త పేరు ఆయనకి గుర్తులేదట. పాత డైరీలో ఉండొచ్చని అటక మీద వెతుకుతున్నారు.